సర్దారు కట్టిన మొదటి బాణీ

సర్దారు ఒక పాటకు సొంతంగా బాణీ కట్టాడనీ, అది విని పార్టీ నాయకుడు సుంకిరెడ్డి అంతటివాడు కండ్లు తుడుచుకున్నాడనీ పోయిన వారం చెప్పుకున్నాం. ఆ కన్నీళ్ళ సంగతి ఈ వారం తేలుతుంది. దానికి ముందు, ఆ బాణీ కోసం సర్దారు పడిన పాట్లు కొంచెం తలుచుకోవాలి. లేకపోతే ఈరోజు గుండ్లవంక అనే ఊర్లో అతనికి జరిగింది మనకు నొప్పిగా తగలదు.

సర్దారుది ప్రొద్దుటూరు. దూదేకుల వాళ్ళు. వాళ్ళ నాయన పెండ్లిండ్లలో, దేవుళ్ళ ఊరేగింపుల్లో సన్నాయి ఊదినవాడు. కొడుకు సన్నాయి ముట్టకుండా హార్మోనియం పట్టి, ఒక పాటకచేరీ పార్టీ పెట్టుకున్నాడు. సినిమా పాట ఏదైనా ఒకసారి వింటే చాలు, దించేస్తాడని పేరు. ఎలక్షన్లు వచ్చాయంటే ఆ పేరుకు మంచి గిరాకీ. జనం నోట్లో నానుతున్న పాట బాణీ తీసుకోవడం, మాటలు పీకేసి పార్టీ గుర్తూ నాయకుడి పేరూ దూర్చడం, క్యాసెట్టు చేసి జీపు మైకులో వదలడం. ఏ పార్టీ అయినా పద్ధతి అదే.

ఆ పద్ధతి జమ్మలమడుగు సభలో బెడిసికొట్టింది. సుంకిరెడ్డికి కుడిభుజంగా ఉండిన యల్లయ్య నిరుడు బాంబుదాడిలో చచ్చిపోయాడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి రెడ్డి కోసం ప్రాణమిచ్చాడని ఆ సభలో అతని మీద పాట వేశారు. బాణీ మటుకు, సినిమాలో ఒక జంట వానలో తడుస్తూ పాడుకునే పాటది. మైకు "అమరుడవయ్యా యల్లయ్యా" అంటుంటే వెనకాల నిలబడిన పడుచువాళ్ళు అసలు పాటలోని తడిసిన చీర మాటలు అందుకున్నారు. సభంతా నవ్వింది. వేదిక మీదున్న యల్లయ్య పెండ్లాం భారతమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మరుసటి రోజే సుంకిరెడ్డి పిలిపించాడు.

"సినిమా పాట ఇంగ నా గడప తొక్కకూడదు సర్దారూ. యల్లయ్యకు సంవత్సరీకం వస్తాది. వాళ్ల ఊర్లో బొమ్మ పెడతాండాం. ఆ పొద్దుకు సొంత పాట కావాల. యాడా, ఎవురూ ఇనని బాణీ కావాల."

అదేమంత పని అనుకున్నాడు సర్దారు. అన్ని పాటలు వేళ్ళ మీద ఉన్నవాడికి ఒక్క పాట పుట్టదా? మాటలు రెడ్డి మనుషులే ఎవరిచేతనో రాయించి పంపారు. "మందలన్నీ ఇంటికొచ్చె, మంద కాసేటోడు రాలె" అని మొదలు. మాటలు బాగున్నాయి. హార్మోనియం ముందర కూర్చుని తిత్తి ఊపాడు. పల్లవి బ్రహ్మాండంగా లేచింది. రెండో వరసకు పోయేలోగా వంటింట్లోంచి పెండ్లాం మాబున్ని, ఎసట్లో బియ్యం పోస్తూ, మిగతా సగం తనే పాడేసింది.

"అది ఆ పాత సినిమాదే గదయ్యా. పెండ్లికొడుకు గుర్రమెక్కి వస్తాడే, ఆ పాట."

నిజమే. అదే పాట. సర్దారుకు చెంప మీద కొట్టినట్టయింది.

రాగం మార్చాడు. తాళం మార్చాడు. పల్లవి తనదైతే చరణం ఇంకెవరిదో అయ్యేది. వేళ్ళకు పాత అలవాటు పోవడం లేదని హార్మోనియం మూసి నోటితో పాడి చూశాడు. నోరూ అంతే. దరువు ముందు పెట్టుకుని దానిమీద పాట నిలబెడదామని గడప మీద చేత్తో కొట్టుకుంటూ కూర్చుంటే, ఆ దరువే ఒక డాన్సు పాటను వెంటబెట్టుకొచ్చింది. చివరికి పాట సంగతే మరిచి, మామూలుగా ఒక మనిషి ఇంకో మనిషితో "వాడు రాలేదు" అని ఎట్లా అంటాడో, గొంతు ఎక్కడ లేస్తుందో ఎక్కడ పడుతుందో తనకు తానే అనుకుంటూ ఇంట్లో తిరిగాడు. అది కొంచెం దారి చూపింది. రెండు మాటలు కదిలాయి. మూడో మాట దగ్గర, బండి చక్రం పాత గాడిలోకి జారినట్టు మళ్ళీ సినిమాలోకే జారింది.

"నీ చెవులు కొంచేపు మూసుకోని ఉండవా?" అని పెండ్లాం మీద విరుచుకుపడ్డాడు ఒకరోజు.

"నేను మూసుకుంటే ఊరంతా మూసుకుంటాదా? మల్ల జమ్మలమడుగులో నగినట్టు నగుతారు."

ఆమె మాటలో తప్పేమీ లేదు. అందుకే అతనికి మరీ మండింది. ఇన్నేళ్ళూ తాను వాయించిందంతా ఎవరెవరో కట్టినవి. చప్పట్లు తనవి, పాటలు వాళ్ళవి. ఇప్పుడు తనదైనది ఒక్కటి తీసి ఇమ్మంటే లోపల వెతుక్కుంటున్నాడు, చేతికి తగిలేదంతా పరాయి సొత్తే.

అట్లాంటి రోజుల్లో పులివెందులలో ఒక పెండ్లికి వాయించి, జమ్మలమడుగు పోయే బస్సు ఎక్కాడు. అలసట మీదున్నాడు. చీనీపండ్ల తోటలు దాటకముందే కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. ముద్దనూరు దాటాక ఎక్కడో బస్సు ఆగిపోయింది. టైరు మారుస్తున్నారని ఎవరో అన్నట్టు లీలగా తెలుసు. అతను కండ్లు తెరవలేదు. జమ్మలమడుగు దగ్గర మెలకువ వచ్చేసరికి నోట్లో ఒక బాణీ ఉంది. "మందలన్నీ ఇంటికొచ్చె" అన్న మాటలు దానిమీద, కొలత తీసి కుట్టించినట్టు సరిపోయి కూర్చున్నాయి. నోరు తెరిస్తే ఎక్కడ పోతుందోనని, తెలిసినవాళ్ళు పలకరిస్తే చెయ్యి ఊపాడే తప్ప మాట్లాడలేదు. ప్రొద్దుటూరులో ఇల్లు చేరేదాకా మూలుగుతున్నట్టు దాన్నే తిప్పితిప్పి పాడుకున్నాడు.

మాబున్ని చేట పక్కన పెట్టి విన్నది.

"ఇది యా సినిమాదీ కాదు" అన్నది ఆఖరికి.

"బాగుండాదా?"

"బాగుండాది అనేదానికి లేదు. ఇంట్లో ఎవురో పోయినట్టుండాది."

అంతకంటే పెద్ద మెచ్చుకోలు సర్దారుకు జన్మలో దొరకలేదు. జమ్మలమడుగులో సుంకిరెడ్డి ఇంట్లో వినిపించాడు. రెడ్డి మళ్ళీ ఒకసారి వాయించమన్నాడు. వాయిస్తుంటే తువ్వాలుతో కండ్లు తుడుచుకున్నాడు. వాకిలి దగ్గర కూర్చున్న భారతమ్మ మాత్రం పాట సగంలో ఉండగానే లేచి లోపలికి వెళ్ళిపోయింది. పాపం, మొగుడు గుర్తొచ్చాడేమో అనుకున్నాడు సర్దారు. క్యాసెట్టు తయారైంది. పోయిన వారం మనం ఆగింది ఇక్కడే.

ఈరోజు యల్లయ్య సంవత్సరీకం. సభ సాయంత్రమైనా సర్దారు పొద్దున్నే యల్లయ్య ఊరు గుండ్లవంక చేరుకున్నాడు. జమ్మలమడుగుకు దగ్గర్లోనే. ఊరికి ఒకపక్క సుంకిరెడ్డి మనుషులు, ఇంకోపక్క ఎదుటి పార్టీ వాళ్ళు, మధ్యలో పోలీసు పికెట్ టెంటు. నాపరాళ్ళతో కట్టిన దిమ్మె మీద యల్లయ్య బొమ్మకు తెల్లగుడ్డ కప్పి ఉంది. దాని పక్కనే వేదిక. నీళ్ళ ట్యాంకు మీద మైకు హారన్లు కట్టి, సరిగా వినపడుతోందో లేదో చూడటానికి మైకతను క్యాసెట్టు వేశాడు.

తన పాట ఊరంతా మోగుతుంటే వినడం సర్దారుకు అదే మొదటిసారి. ఒళ్ళు పులకరించింది. ఎవరు ఏమంటారోనని చుట్టూ చూశాడు. కొళాయి దగ్గర బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళు కదలకుండా నిలబడిపోయారు. బిందె నిండి నీళ్ళు పొర్లుతున్నా ఎవరూ తీయలేదు. అరుగు మీది ముసలాయన నోట్లో బీడీ ఆరిపోయింది. ఒక్కరూ బాగుందనలేదు. ఒక్కరూ నవ్వలేదు. అందరూ అతనివైపు చూశారు, చూసి తలలు తిప్పుకున్నారు.

పాట అయిపోయిన కాసేపటికి పికెట్ దాటుకుని ఒక ముసలామె వచ్చింది. పొడుగు మనిషి. నడుము వంగలేదు గానీ నడకలో ఆయాసం ఉంది. కానిస్టేబులు "యాడికవ్వా?" అంటే "ఆ పాట కట్టినాయప్పను సూడల్ల" అని జవాబిచ్చి నేరుగా సర్దారు ముందరికొచ్చి నిలబడింది.

"నువ్వేనా నాయనా ఈ పాట కట్టింది?"

ఆ మాట తనను ఎవరైనా అడగాలని అతను ఎన్నేళ్ళు ఎదురుచూశాడో.

"నేనే అవ్వా. సొంత బాణీ."

"యాడ ఇన్న్యావు?"

"యాడా ఇన్లేదవ్వా. దానంతట అదే వచ్చింది."

"దానంతట అది రాదు నాయనా. నాకు ఊరికే రాలేదు."

ఆమె దిమ్మె అంచున కూర్చుని ఊపిరి తీసుకుంది. గుడ్డ కప్పిన బొమ్మను చూడకుండా చూపులు వీధి మీద పెట్టింది.

"నా పేరు తిరుపాలమ్మ. నా పెద్దకొడుకు కాటమయ్య. వాణ్ణి ముద్దనూరు రోడ్డు మింద మోరీ కాడ సంపినారు. సంపింది ఈ యల్లయ్యే." గడ్డంతో బొమ్మవైపు చూపించింది. "శవం మింద పడి ఏడ్చినప్పుడు వచ్చింది ఈ ఏడుపు. అప్పట్నుంచి అమాస్య అమాస్యకూ ఆ మోరీ కాడికి పోయి కూచ్చొని ఏడుస్తా. బస్సులు పోతాంటాయి. యాదన్నా ఆగితే లోపలోళ్లు ఇంటారు. నువ్వూ ఇనింటావు."

"లేదవ్వా. నేను బస్సులో నిద్రపోతాంటి..."

అనేశాక ఆ మాట అతనికే వినపడింది. పులివెందుల బస్సు. ఆగిన చోటు. నోట్లో తయారుగా దొరికిన బాణీ. అయినా వెంటనే ఒప్పుకోబుద్ధి కాలేదు.

"ఒగోసారి రెండు పాటలు ఒగే రకంగా ఉంటాయవ్వా. మా లైనులో ఇది మామూలే."

తిరుపాలమ్మ వాదించలేదు. మాటలు లేకుండా, సన్నగా, గొంతులో పాడింది. మొదటి వరస అదే. రెండోది అదే. మూడో వరసలో గొంతు పైకి ఎగబాకి, అందుకోబోయి, చటుక్కున తెగి కిందికి పడే చోటు ఒకటుంది. సర్దారు ఆ మలుపు చూసుకునే మురిసిపోయాడు. అట్లాంటిది ఏ సంగీతకారుడూ వేసి ఉండడని మాబున్నికి గొప్పలు చెప్పాడు. ఆమె గొంతు సరిగ్గా అక్కడే తెగింది.

"ఆడ దేనికి తెగుతాదో తెలుసునా నాయనా?" అన్నది. "ఆడ నాకు ఊపిరి సాలదు."

తిరుపాలమ్మ ఈసారి బొమ్మవైపు తిరిగింది.

"ఈ యల్లయ్య నా పాలు తాగి, నా చేతి సంగటి తినినోడే. పార్టీలు రాకముందు మా వీధంతా ఒగే ఇల్లు. ఆ మాట ఇప్పుడెందుకు గానీ, ఇంకా ఒగ కొడుకుండాడు నాకు. ఆదెన్న. పులివెందులకు పోయినాడు, మాపటికి వస్తాడు. మీ అమ్మ ఏడుపు తీసకపోయి మీ అన్నను సంపినోనికి పాడినారంటే యా కొడుకు ఊరికే ఉంటాడు? ఉండే ఒక్కడూ పోతాడు. దాన్ని తీసెయ్యి. నాకు ఇంగేం వద్దు."

లేచి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. కానిస్టేబులు పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

సర్దారుకు ముందు సిగ్గు రావాల్సింది. వచ్చింది గానీ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. ఆ ముసలామె ఇంకో రోజు రాకూడదా? సభ అయిపోయాక రాకూడదా? బతుకులో ఒక్కటి, ఒకే ఒక్కటి తనదని పట్టుకుంటే అది కూడా ఒకరొచ్చి చేతిలోంచి తీసుకుపోవాలా? సినిమావాళ్ళ పాటలు దించితే నలుగురూ నవ్వారు, అంతే. ఇది అట్లా పోయేది కాదు. ఒక తల్లి గుండెలోంచి, ఆమెకు తెలియకుండా, తనకూ తెలియకుండా ఎత్తుకొచ్చాడు. అది తలకెక్కాక సిగ్గు వచ్చింది. వచ్చి, పోలేదు.

సుంకిరెడ్డి అప్పటికే ఊర్లో దిగి, తన మనుషుల ఇంట్లో పంచలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. సర్దారు పోయి మాట్లాడాలి అంటే చుట్టూ ఉన్నవాళ్ళను పంపించేశాడు. నిలబడే, తడబడుతూ, జరిగిందంతా చెప్పాడు.

"పాట ఆపెయ్యాలన్నా. అది ఆమె ఏడుపు. తెలీక జరిగింది. నాదే తప్పు."

రెడ్డి గ్లాసు కింద పెట్టాడు. మొహంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

"తిరుపాలమ్మ వచ్చెనా? పొద్దన్నే క్యాసెట్టు ఎయ్యద్దని మైకోనికి సెప్పింటి. తొందరపన్న్యాడు." మీసం తుడుచుకున్నాడు. "నీకు ఈ పొద్దు తెలిసింది సర్దారూ. నాకు నువ్వు మొదటిసారి వాయించిన పొద్దే తెలిసింది. ఈ సుట్టుపక్కల పుట్టినోనికి ఆ యమ్మ ఏడుపు తెలీకుంటాదా?"

"మరి కండ్ల నీళ్లు పెట్టుకుంటివి గదన్నా."

"నగు వచ్చింది. పెద్దమనిసిగా కూచ్చొని నగు ఆపుకుంటే కండ్లల్లో నీళ్లు రావా? యాడా ఎవురూ ఇనని బాణీ తెమ్మంటే, నువ్వు పోయి ఊరు ఊరంతా ఇనిన బాణీ తెస్తివి. ఇదీ మన మంచికేలే అనుకున్న్యా."

రెడ్డి నెమ్మదిగా, చిన్నపిల్లవాడికి లెక్క చెప్పినట్టు చెప్పుకుపోయాడు.

"ఆదెన్న ఆ పార్టీకి ఈ ఊర్లో కాలూ చెయ్యి. వాడు బయటుంటే ఎలక్షన్లో ఈ బూతు మనకు రాదు. మాపటికి పోలీసోళ్లుంటారు, పేపరోళ్లుంటారు. వాళ్లమ్మ ఏడుపు మన మైకులో ఇని వాడు సభ మిందికి వస్తే కేసు. ఓట్లు అయ్యేదాంకా లోపలుంటాడు. రాకపోతే, తల్లి ఏడుపును కాపాడుకోలేనోడని ఊరు ఉమ్మేస్తాది. యా రకంగా పోయినా మనకే మేలు."

"నేను వాయించనన్నా."

"వాయించాకు. క్యాసెట్టు వాయిస్తాది. కాకపోతే, నువ్వు స్టేజీ మింద కూచ్చొని వాయిస్తే బాగుంటాది. సొంత బాణీ సొంత బాణీ అని ఎగిరితివి గదా." గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ప్రొద్దుటూరు ఏమంత దూరం సర్దారూ. మాబున్ని బాగుండాదా?"

పెండ్లాం పేరు ఆ నోటి వెంట వినడం అదే మొదటిసారి. సర్దారు బయటికొచ్చాడు.

ఊరి బడి మూసి ఉంది. దాని పంచలో హార్మోనియం పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కటే దారి కనపడింది. సాయంత్రంలోగా అవే మాటలకు ఇంకో బాణీ కట్టాలి. ఎంత పనికిమాలినదైనా సరే. తాను స్టేజీ ఎక్కి వాయిస్తే క్యాసెట్టుతో పని ఉండదు. బాణీ మారిందని రెడ్డి గ్రహించేలోగా పాట అయిపోతుంది.

తిత్తి ఊపాడు. "మందలన్నీ ఇంటికొచ్చె" అన్నాడు. తిరుపాలమ్మ ఏడుపే వచ్చింది. స్వరం మార్చి పై నుంచి ఎత్తుకున్నాడు. కొంచెం దూరం పోయి అదీ ఆమె దగ్గరికే వంగింది. ఇన్నాళ్ళూ వద్దంటే మీదపడిన సినిమా పాటలు ఇప్పుడు రమ్మన్నా రాలేదు. ఒక పాతపాట గుర్తు తెచ్చుకుని అందులో ఈ మాటలు బలవంతాన కూరబోతే మూడో వరసలో వేళ్ళు తామే ఎగబాకి, తెగి, కిందపడ్డాయి. అతను పిడికిలితో హార్మోనియం మెట్ల మీద గుద్దాడు. పెట్టె బాధగా ఒక్క కూత కూసింది. ఏడుపు వచ్చింది గానీ, ఏడ్చినా అది కూడా ఆమె బాణీలోనే వస్తుందేమోనని భయపడి ఆపుకున్నాడు.

పొద్దు పడమటికి వాలింది. జీపులొచ్చాయి. జెండాలొచ్చాయి. పక్క పల్లెల నుంచి ట్రాక్టర్లలో జనం దిగారు. వేదిక మీద నడుమ సుంకిరెడ్డి, ఒక చివర భారతమ్మ, ఇంకో చివర హార్మోనియం ముందర సర్దారు. పికెట్‌కు ఆ పక్క మిద్దె మీద కొందరు మగవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ నడుమ పిట్టగోడ మీద కూర్చున్న సన్నటి మనిషి, తిరుపాలమ్మ పోలికే. ఆదెన్న వచ్చేశాడన్నమాట.

తిరుపాలమ్మ కూడా వచ్చింది. ఎవరూ పిలవకుండా వచ్చి, ఆడవాళ్ళ ముందువరసలో నేల మీద కూర్చుంది. ఆమె చుట్టూ కొంచెం ఖాళీ వదిలి మిగతావాళ్ళు జరిగారు.

ఉపన్యాసాలయ్యాయి. బొమ్మ మీది గుడ్డ తీసేముందు పాట అన్నారు. మైకు సర్దారు ముందుకు జరిపారు. సుంకిరెడ్డి అతనివైపు చూసి, జనానికి కనపడేట్టు ప్రసన్నంగా తల ఊపాడు.

సర్దారు తిత్తి మీద చెయ్యి వేశాడు. మెట్ల మీద వేలు పెట్టాడు. వేలి కింద ఏ స్వరం ఉందో తెలుసు, దాని తర్వాత ఏది రావాలో తెలియదు. తెలిసినది ఒక్కటే బాణీ. అది తనది కాదు. మాబున్ని మనసులో మెదిలింది. ప్రొద్దుటూరులో తలుపు తెరిచిపెట్టుకుని ఒంటరిగా ఉంటుంది. వేలు తీశాడు. మళ్ళీ పెట్టాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. మైకతను క్యాసెట్టు పెట్టె మీదికి వంగడం కనపడింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే అది మోగుతుంది.

"అందరికీ నమస్కారం" అన్నాడు సర్దారు మైకులో. "ఈ పాటకు బాణీ కట్టింది నేనని సెప్పుకున్న్యా. నేను కాదు. బస్సులో నిద్రలో ఇని, నాదే అనుకున్న్యా. కట్టినామె ఈడనే కూచ్చోనుంది. తిరుపాలమ్మ. ఆ యమ్మ ఒప్పుకోకుండా ఈ బాణీ నేను వాయించకూడదు, క్యాసెట్టులో కూడా ఎయ్యకూడదు. అంతే."

హారన్లలో అతని మాట ఊరవతలి రాళ్ళగుట్టకు తగిలి తిరిగొచ్చింది. మిద్దె మీద ఆదెన్న పిట్టగోడ దిగాడు. పోలీసులు లాఠీలు సర్దుకున్నారు. సుంకిరెడ్డి చిరునవ్వు చెదరనీయకుండానే చేత్తో సైగ చేశాడు. ఇద్దరు మనుషులు సర్దారు వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఒకడి చెయ్యి అతని మెడ మీద, ఆప్యాయంగా వేసినట్టు, బరువుగా పడింది.

తిరుపాలమ్మ లేచింది.

ఎవరివైపూ చూడకుండా వేదిక దగ్గరికి నడిచింది. మెట్టు దగ్గర సుంకిరెడ్డి మనిషి ఒకడు అడ్డం నిలబడి "యాడికి ముసలీ" అన్నాడు.

"రానీండి" అన్న మాట వేదిక మీంచే వచ్చింది. ఎవరా అని జనం చూశారు. ఏడాదిగా ఏ సభలోనూ నోరు తెరవని భారతమ్మ లేచి నిలబడి ఉంది. "ఆ యమ్మ నాకు అత్త వరస. రానీండి."

వాడు రెడ్డి మొహం చూశాడు. ఇంత జనంలో, పేపరువాళ్ళ కెమెరాల ముందు, అమరుడి పెండ్లాం మాట కొట్టేయడానికి రెడ్డికి వీల్లేకపోయింది. వాడు పక్కకు తప్పుకున్నాడు. భారతమ్మ చెయ్యి అందిస్తే పట్టుకుని తిరుపాలమ్మ మెట్టెక్కింది.

మైకు ముందు ఎట్లా నిలబడాలో ఆమెకు తెలియదు. మొహం బాగా దగ్గరికి పెట్టింది. ముందుగా ఆమె ఆయాసం వినపడింది, ట్యాంకు మీది హారన్లన్నిటిలో, ఊరే ఊపిరి తీసుకుంటున్నట్టు. సర్దారు హార్మోనియం మీద తోడు స్వరం పట్టబోయాడు. ఆమె కిందికి చూసి వద్దని తల ఆడించింది. అతను చెయ్యి తీసేసుకున్నాడు.

కొడుకును తలుచుకుని ఏడుస్తుందని అందరూ అనుకున్నారు. కాటమయ్య పేరు కోసం ఆ పక్క మిద్దె మీద వాళ్ళూ, ఈ పక్క జెండాల కింద వాళ్ళూ ఒకే రకంగా బిగదీసుకుని ఉన్నారు.

"యల్లయ్యా..." అని ఎత్తుకుంది తిరుపాలమ్మ. "నా పాలు తాగిన కొడకా, యల్లయ్యా... అన్నను సంపమని నీ చేతికి కత్తిచ్చిందెవురురా..."

మూడో వరసలో గొంతు ఎగబాకింది. తెగవలసిన చోట పాట ఈసారి తెగలేదు. అక్కడ భారతమ్మ అందుకుంది.

జనమంతా తనవైపే తిరిగి చూస్తుంటే సుంకిరెడ్డి కుర్చీలోంచి లేచాడు.